పైపుకు సడలించండి, నీళ్లకు కాదు: అనుమతులు చూసే పెద్దలకు ఒక చీనీ రైతు బహిరంగ లేఖ

రాష్ట్రంలో పర్యావరణ అనుమతుల నిబంధనలు రాసే పెద్దలకు, వాటిని ఫైళ్ల మీద నడిపే జిల్లా అధికారులకు,

నమస్కారం.

నాకు అనంతపురం జిల్లాలో నాలుగున్నర ఎకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. అంతకుముందు ముప్పై ఏళ్లు తాగునీటి పైపులైన్ల పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేశాను. కాబట్టి ఈ లేఖలో సగం రైతు మాట, సగం ట్రెంచిలోకి దిగి లెవెల్ చూసినవాడి మాట. మా ఊరి పేరు, మాకు పైనున్న పట్టణం పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే మీరు ఆ ఒక్క ఫైలు తెప్పించుకుని, ఎవరో ఒక గుమాస్తాకు మెమో ఇచ్చి, పని అయిపోయిందనుకుంటారు. నా ఫిర్యాదు గుమాస్తా మీద కాదు, రూలు మీద.

ముందు ఒక తెల్లవారుజాము సంగతి చెప్తాను. పట్టణం మురుగంతా ఒక వంకలో, అంటే వాగులో, పడుతుంది. ఆ వంక మా పొలిమేర మీదుగా పోతుంది. నాలుగు గంటలకు వంక గట్టున నిలబడితే మోటార్ల చప్పుడు వినిపిస్తుంది. నేను లెక్కపెట్టిన రోజున పద్నాలుగు ఆడుతున్నాయి. ప్లాస్టిక్ కవర్లు ఇరుక్కోకుండా ఫుట్‌వాల్వుకు పాత చీరముక్క చుట్టి, ఆ నల్లటి నీళ్లు తోడి మడులకు పెడతారు. తోటకూర, పాలకూర, కొత్తిమీర, గేదెలకు గడ్డి. ఆరు గంటలకల్లా కూరలు కోసి, కట్టలు కట్టి, మళ్లీ అదే నీళ్లలో ముంచి, తళతళలాడుతుంటే ఆటోకెక్కిస్తారు. పట్టణం కడిగి పారబోసింది పట్టణం కంచంలోకే పోతుంది. ఆ రైతులను తిట్టే నోరు నాకు లేదు. బోర్లు ఎనిమిది వందల అడుగుల దాకా దించి, దుమ్ము చూసి, అప్పు మిగుల్చుకున్నవాళ్లు వాళ్లు. ఏడాది పొడవునా ఆగకుండా పారే నీళ్లు మా చుట్టుపక్కల ఇంకెక్కడున్నాయి గనక?

ఇన్నేళ్లుగా ఇది నడుస్తున్నా దీనికి ఒక్క అనుమతి లేదు, ఒక్క సమీక్ష లేదు, ఒక్క సంతకం లేదు. అదే మురుగును శుద్ధి చేసి, మూత ఉన్న పైపులో మా చెరువు దాకా తెచ్చుకుంటామంటే మాత్రం ఫైలు మూడేళ్లు తిరిగింది. ఈ లేఖ రాయడానికి కారణం ఇదే.

పట్టణానికి ఎస్టీపీ, అంటే మురుగు శుద్ధి కేంద్రం, ఉంది. ఉత్తుత్తిది కాదు, పనిచేసేదే. ఒకరోజు పాత పరిచయం మీద లోపలికి వెళ్లి చూశాను. పెద్ద తొట్లలో గాలి కొడుతుంటే మురుగు మరిగినట్టు కదులుతూ ఉంటుంది. కాసేపటికి గాలి ఆపేస్తారు, బురద అడుక్కి దిగుతుంది, పైన తేరుకున్న నీటిని మెల్లగా తీసి క్లోరిన్ కలుపుతారు. అవుట్‌లెట్ దగ్గర గాజుసీసాలో పట్టి ఎండకు పెట్టి చూశాను. కొద్దిగా పసుపు ఛాయ, క్లోరిన్ వాసన, అంతే. ఆ నీళ్లు గట్టు దిగి ఏమవుతాయో తెలుసా? రెండు వందల మీటర్లు పోయి మళ్లీ అదే వంకలో, అదే పచ్చి మురుగులో కలుస్తాయి. కరెంటు ఖర్చుపెట్టి, మందు ఖర్చుపెట్టి, మనుషులను పెట్టి శుభ్రం చేసిన నీళ్లను పది నిమిషాల్లో మళ్లీ మురికి చేస్తున్నాం. ముప్పై ఏళ్ల సర్వీసులో చాలా వృథా చూశాను గానీ ఇంత శ్రద్ధగా చేసే వృథా చూడలేదు.

లెక్క వేసి చూడండి. లక్ష జనాభా ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు వంద లీటర్లు ఇస్తున్నారనుకుందాం. ఇంజినీర్ల లెక్కలో అందులో 80 శాతం మురుగై తిరిగొస్తుంది. అంటే రోజుకు 80 లక్షల లీటర్లు. ఏడాదికి సుమారు 292 కోట్ల లీటర్లు, టీఎంసీలో పదోవంతు. కాగితం మీద చిన్న అంకె. తోటలో నిలబడి చూస్తే వేరు. నడి ఎండాకాలంలో కాపుకొచ్చిన చీనీ చెట్టుకు డ్రిప్పులో రోజుకు వంద లీటర్లు పోసినా 80 వేల చెట్లు బతుకుతాయి. ఎకరాకు నూటపది చెట్ల చొప్పున ఏడువందల ఎకరాలు. ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లను బతికించుకున్న వేసవులు మా జిల్లా మర్చిపోలేదు. ఒక్కో ట్యాంకరుకు డబ్బులిస్తూ, ఏ చెట్టుకు పోయాలి, ఏ చెట్టును వదిలేయాలి అని తోటలో తిరగడం ఎలా ఉంటుందో మీలో రైతుబిడ్డలుంటే అడగండి.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. తెల్లారి ఫోన్లలో ఆ వీడియోలు చూసి మా ఊళ్లో అందరికీ ఒకటే టెన్షన్. హోస్పేట దగ్గర ఒక గొలుసు తెగితే ఆ డ్యాం నుంచి వచ్చే హెచ్చెల్సీ కాలువ కింద మా బతుకు ఏమిటని. మురుగుకు ఆ గోల లేదు. దానికి గేటు లేదు, పైరాష్ట్రంతో వాటా తగాదా లేదు, ట్రిబ్యునల్ లేదు, వాన పడినా పడకపోయినా తెల్లారేసరికి వస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే జిల్లాకు అంత నమ్మకమైన వనరు ఇంకోటి లేదు.

ఇక ఫైలు సంగతి. పైపు పొడవు పదకొండు కిలోమీటర్ల చిల్లర. దాదాపు మొత్తం రోడ్డు మార్జిన్‌లోనే. 315 ఎంఎం హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు, మూడడుగుల వెడల్పు ట్రెంచి, కింద ఇసుక పరుపు, పైన మన్ను. జేసీబీ ఒకటి, జాయింట్లు వేసే వెల్డింగ్ మిషన్ ఒకటి ఉంటే రోజుకు రెండు మూడు వందల మీటర్లు సునాయాసంగా సాగుతుంది. నలభై ఐదు రోజుల పని. పంచాయతీ తీర్మానం అయింది, డబ్బు మంజూరైంది, పైపులు కూడా దిగాయి. రోడ్డు తవ్వడానికి ఒక ఆఫీసు, హైవే దాటడానికి ఇంకో ఆఫీసు, రైలుపట్టా కింద దూర్చడానికి మరో ఆఫీసు. వీటిని నేను తప్పుపట్టను. రైలు కింద పైపు దూర్చేటప్పుడు వాళ్లు వచ్చి చూడాల్సిందే, చూడకపోతేనే తప్పు.

చిక్కు పడింది పర్యావరణ అనుమతి దగ్గర. ఒక ఆఫీసులో అడిగారు: "దీనికి పర్యావరణ అనుమతి ఉందా?" మేం 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రింటు తీసి చూపించాం. ఏ ప్రాజెక్టులకు ముందస్తు అనుమతి కావాలో అందులో పట్టిక ఉంది. చమురు, గ్యాసు పైపులైన్లున్నాయి. ఫ్యాక్టరీల వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రాలున్నాయి. శుద్ధి చేసిన మురుగునీటి పైపు లేదు. "లేదు కాబట్టి అక్కర్లేదు సార్" అన్నాం. "అక్కర్లేదని రాయించుకు రండి" అన్నారు. రాసివ్వాల్సిన చోటికి పోతే "పట్టికలో లేనిదానికి మేమెట్లా రాసిస్తాం?" అన్నారు. రెండూ న్యాయమైన మాటలే, నేను కాదనను. ఆ రెండు న్యాయాల మధ్య పద్నాలుగు నెలలు పోయాయి. ఆ తర్వాత ఇంకొకాయన, నిజంగా మంచి మనిషే, కొత్త సందేహం లేవనెత్తాడు: "ఈ నీళ్లు సేద్యానికి కదా, అయితే ఇది సాగునీటి ప్రాజెక్టు అవుతుందేమో?" పట్టికలో సాగునీటి ప్రాజెక్టులు ఉన్నమాట నిజమే. కానీ అవి వేల హెక్టార్ల ఆయకట్టు ఉన్నవి. ఏడువందల ఎకరాలకు డ్రిప్పు నీళ్లిచ్చే పైపును ఆ వరుసలో కూర్చోబెడితే మా ఊరి కుంటను శ్రీశైలం పక్కన నిలబెట్టినట్టు.

అందుకని మొదట అడిగేది ఇది. పురపాలక మురుగును శుద్ధి చేశాక వచ్చే నీటిని తీసుకెళ్లే పైపు, ఇప్పటికే ఉన్న రోడ్డు హద్దులో, భూమి కింద వేసేదైతే, దానికి పర్యావరణ అనుమతి గానీ అక్కర్లేదన్న లేఖ గానీ ఎవరూ అడగకూడదని ఒక్క వాక్యం రాయండి. సొంత తెలివితో ఈ మాట రాసే ధైర్యం కింది అధికారికి ఉండదు. ఉండాలని ఆశించడం కూడా అన్యాయం. రేపు ఆడిట్ వచ్చినప్పుడు ఆయన చేతిలో కాగితం ఉండాలి కదా.

ఇదేమీ ఎక్కడా లేని కోరిక కాదు. మా చెల్లెలి కొడుకు కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ 1970లో చేసిన పర్యావరణ సమీక్ష చట్టం చాలా గట్టిదని, ఇల్లు కట్టాలన్నా స్టేడియం కట్టాలన్నా దాని పేరుతో కోర్టుకెక్కుతారని చెప్పాడు. అంత గట్టి చట్టంలోనూ ప్రజల రోడ్డు హద్దులో వేసే ఒక మైలు లోపు పైపులైనుకు మినహాయింపు రాసుకున్నారు. కరువు ముదిరిన ఏళ్లలో, శుద్ధి చేసిన నీటి పైపులకైతే ఆ హద్దు ఇంకా పెంచాలన్న వాదన అక్కడ బలంగా వచ్చింది. వాళ్ల తర్కం మామూలుదే. రోడ్డు వేసినప్పుడే ఆ నేల రూపం మారిపోయింది, దాని పక్కన మూడడుగులు తవ్వి పూడిస్తే కొత్తగా చెడేది పెద్దగా లేదు. ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. ఆ పైపులకు ఊదా రంగు ఉంటుందట. తాగేనీటి పైపుతో పొరపాటున కూడా కలపకుండా. ముప్పై ఏళ్లలో తప్పుడు కనెక్షన్లు ఎన్ని చూశానో చెప్తే మీరు నీళ్లు తాగడం మానేస్తారు. ఆ రంగు నిబంధన మాత్రం తప్పకుండా తెచ్చుకోండి.

మన చట్టాల్లోనూ ఇలాంటి రాత ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ చూడండి. బడి, అంగన్‌వాడీ, తాగునీరు, నీటి పైపులు లాంటి వాటికి హెక్టారు లోపు అడవి భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా, గ్రామసభ సిఫారసుతో ఇవ్వవచ్చని ఉంది. అది అడవిలో బతికేవాళ్ల కోసం రాసిన చట్టం, మాకు వర్తిస్తుందని అనడం లేదు. రాసిన తీరు చూడమంటున్నాను. ఏ పనికి, ఎంత మేరకు, ఎవరు ఒప్పుకుంటే, అన్నీ నాలుగు ముక్కల్లో ఉన్నాయి.

ఇంతదాకా చదివి, సడలింపులు కోరే ఇంకో ఉత్తరం అనుకుని పక్కన పెట్టేయకండి. అసలు మాట ఇప్పుడు చెప్తున్నాను. మా వియ్యంకులది కోలారు జిల్లా. బెంగళూరు మురుగును శుద్ధి చేసి, రోజుకు 440 మిలియన్ లీటర్లు కోలారు వైపు చెరువులకు ఎత్తిపోసే కె.సి. వ్యాలీ పథకం అక్కడే వచ్చింది. 2018 జూన్‌లో లక్ష్మీసాగర చెరువుకు మొదటి నీళ్లు వచ్చినప్పుడు జనం పూజలు చేశారు. జులైలో అదే చెరువు మీద నురగ తేలింది. కేసు హైకోర్టుకు పోయింది, అక్కణ్నుంచి సుప్రీంకోర్టు దాకా పోయింది, కొన్నాళ్లు నీళ్లు ఆగాయి, మళ్లీ వచ్చాయి. నేను పోయినప్పుడు మా వియ్యంకుడు తోట చూపించి, వట్టిపోయిన బోరులో నీళ్లు పైకి వచ్చాయని సంబరపడ్డాడు. వాళ్లమ్మ మాత్రం అరుగు మీద కూర్చుని, "నీళ్లొచ్చాయి సరే నాయనా, ఆ చెరువులో ఇప్పుడు ఎవరైనా దోసిలి పడతారా?" అంది. ఆ పథకంలో రెండో దశ దాకానే శుద్ధి చేశారు, మూడో దశ చేయకుండా పంపడం సరికాదని అక్కడ ఇప్పటికీ వాదిస్తున్నారు. ఆ ముసలామెకు దశల సంగతి తెలియదు. దోసిలి సంగతి తెలుసు. మా ఊళ్లో ఎవరైనా మురుగు నీళ్లు చెరువుకు ఎందుకని అడిగితే ఆమె మాటే గుర్తొస్తుంది. ఇది చెరువు కట్ట నిలబడడానికి ముసలమ్మ అనే ఒక ఇంటి కోడలు ప్రాణమిచ్చిందని బుక్కరాయసముద్రంలో ఇప్పటికీ చెప్పుకునే జిల్లా. చెరువంటే మాకు ఉత్త గుంత కాదు.

కాబట్టి పైపుకు తగ్గించిన కాగితాలను నీళ్లకు పెంచండి. శుద్ధి కేంద్రానికి 1974 జలచట్టం కింద ఇచ్చే సమ్మతి పత్రాల్లో ఒక్క అక్షరం కూడా సడలించకండి. 2017 అక్టోబరులో కేంద్రం పెట్టిన ప్రమాణం ప్రకారం మా బోటి పట్టణాల్లో బీవోడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. నీళ్లలో మిగిలిన మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ పీల్చుకుంటాయో చెప్పే లెక్క అది. ఎంత తక్కువైతే అంత మంచిది. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ 30 చాలదని, 10కి దించమంది. ఏదైనా ఒకటి అనుకుని ఆ అంకె మా ఊళ్లో రచ్చకట్ట దగ్గర బోర్డు మీద వారానికోసారి రాయించండి. మలం నుంచి వచ్చే కోలిఫాం క్రిములు ఎన్నున్నాయో కూడా రాయించండి. ఆఫీసులో పెట్టుకునే రిజిస్టరు మాకు పనికిరాదు. అంకె హద్దు దాటిన రోజు వాల్వు దానంతట అదే మూసుకునేలా పెట్టగలిగితే ఇంకా మంచిది. లేదంటే ఆ తాళంచెవి ఊరి చేతిలో ఉండాలి. నీళ్లు కావాలని మూడేళ్లు తిరిగినవాళ్లమే వాటిని ఆపుకునే హక్కు కూడా అడుగుతున్నాం.

బీవోడీలో కనిపించనిది ఒకటుంది, ఉప్పు. మామూలు ఎస్టీపీ మలినాన్ని తీస్తుంది గానీ కరిగిన లవణాలను తీయలేదు. చీనీ ఉప్పుకు ఓర్చుకునే చెట్టు కాదు. మొదటి రెండేళ్లు కాయ బాగుంటుంది. ఈ నీళ్లలో నత్రజని ఉంటుంది కాబట్టి యూరియా కూడా కలిసొస్తుంది. తర్వాత ఆకు అంచులు మాడడం మొదలైతే అప్పుడెవరిని అడగాలి? పైపు వేసేముందు మా మన్ను ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి పరీక్షించి కాగితం రైతు చేతికివ్వాలి. ఆకుకూరలకు ఈ నీళ్లు పెట్టకూడదు, చెట్లకు డ్రిప్పులోనే ఇవ్వాలి అని షరతు పెట్టినా నాకు సమ్మతమే. డ్రిప్పు ఫిల్టర్లు పాచి పట్టి మూసుకుపోతాయి, వాటిని కడుక్కోవడం మా బాధ.

మా చిన్నమ్మాయి పర్యావరణం చదువుకుంది. ఈ లేఖ చిత్తుప్రతి చూసి ఒకటే అడిగింది: "నాన్నా, నువ్వు అడిగిన సందులోంచి రేపు ఏదో ఫ్యాక్టరీ తన రసాయనాల నీళ్లకు 'శుద్ధి చేసిన నీరు' అని పేరు పెట్టి రోడ్డు పక్కన పైపు వేసుకుంటే?" ఆ మాటకు నేను రెండు రోజులు జవాబు చెప్పలేకపోయాను. అందుకే పైన 'పురపాలక మురుగు' అని రాశాను. ఫ్యాక్టరీ నీళ్లు ఒక్క చుక్క కలిసినా ఈ మినహాయింపు వర్తించదని అందులోనే రాయాలి. అడవి మీదుగా పోయినా, చెరువు శిఖం భూమిలో, అంటే నీళ్లు నిలిచే చోట, కట్టడం ఏదైనా లేపినా, రోడ్డు హద్దు దాటి ఎవరి పట్టా భూమిలోకి దిగినా, అన్ని పాత అనుమతులూ యథాతథంగా కావాలి. నీళ్లు చేరే ఊరి గ్రామసభ ఒప్పుకోకపోతే పైపు రాకూడదు. ఇన్ని షరతులు పెడితే సడలింపు ఎక్కడుందంటారా? మా పదకొండు కిలోమీటర్లకు చాలినంత ఉంది.

మీరే ఒక వైపు ఈ నీళ్లు వాడమంటున్నారు కూడా. 2016 జనవరిలో వచ్చిన విద్యుత్ టారిఫ్ విధానం ప్రకారం మురుగు శుద్ధి కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఉన్న థర్మల్ కేంద్రాలు ఆ నీటినే తప్పనిసరిగా వాడాలి. కడప జిల్లాలో ఆర్టీపీపీ థర్మల్ కేంద్రం నుంచి ప్రొద్దుటూరు అంత దూరం కూడా లేదు. కరెంటు తయారీకి ఈ నీళ్లు వాడితే మంచినీళ్లు జనానికి మిగులుతాయి. కానీ ఏ కేంద్రానికైనా ఆ నీళ్లు పోయేది పైపులోనే కదా. వాడమని ఒక కాగితం, పైపు దగ్గర ఆపే కాగితాలు పది. దేశం మొత్తం మీద పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే 20,236 మాత్రమే నిజంగా శుద్ధి అవుతోందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో లెక్క తేల్చింది. శుద్ధి చేసినా ఆ నీళ్లు మళ్లీ వంకలోకే పోతాయని తెలిస్తే, ఏ పురపాలక సంఘం ఆ కరెంటు బిల్లు ఇష్టంగా కడుతుంది? కొనేవాడో వాడేవాడో ఉంటేనే ఆ యంత్రం తిరుగుతుంది.

మా పైపులు ఇప్పుడు పాత సంత మైదానంలో దిమ్మెలుగా పడి ఉన్నాయి. సాయంత్రం పిల్లలు వాటి వెనక దాక్కుని దాగుడుమూతలాడతారు. పోయిన వానాకాలం ఒకదాంట్లో కుక్క ఈనింది. కాంట్రాక్టరు నాకు పాత పరిచయం. ఫోన్ చేస్తే, "అన్నా, కాగితం వస్తే చెప్పు, నా మిషన్ ఇంకో జిల్లాలో ఉంది, రెండు రోజుల్లో దించుతా" అంటాడు. రోజులు పోయేకొద్దీ ఆ గొంతులో నవ్వు ఎక్కువవుతోంది.

మీలో ఒక్కరైనా వచ్చి చూడండి. మార్చి నెలాఖరులో వస్తే మంచిది, అప్పటికి కాలువ నీళ్లు ఆగిపోతాయి. పగలు రావద్దు, తెల్లవారుజామున నాలుగింటికి రండి. ముందు వంక గట్టుకు తీసుకెళ్తాను, మోటార్లు మీరే లెక్కపెట్టుకోండి. వెలుగొచ్చాక ఎస్టీపీ అవుట్‌లెట్ దగ్గర సీసాలో నీళ్లు పట్టిస్తాను. తర్వాత సంత మైదానం. ఎనిమిదింటికల్లా అయిపోతుంది, మీరు ఆఫీసు టైముకు చేరుకోవచ్చు. టిఫిన్ మా ఇంట్లోనే. ఆకుకూర పప్పు మాత్రం పెట్టను.

ఇట్లు,
ఒక చీనీ రైతు, రిటైరైన వర్క్ ఇన్‌స్పెక్టర్
అనంతపురం జిల్లా